మాట కూడా అమానతే

ఫోను ఎత్తేవారు లేనప్పుడు చెప్పదలచిన మాటను గొంతుతోనే వదిలి వెళ్ళే పద్ధతి పాశ్చాత్య దేశాలలో చాలాకాలంగా ఉంది. బీప్ మనే శబ్దం వినిపించిన తరువాత మాట్లాడి ఫోను పెట్టేయాలి. ఈ వాయిస్ మెయిల్ మన దేశంలో అంతగా వేళ్ళూనుకోలేదు. ఎవరూ లేని చోట మాట్లాడటం మనవారికి ఎబ్బెట్టుగా తోచింది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే అవతలివారే తిరిగి చేస్తారు, పైసా ఖర్చు లేదు అన్నది మన లెక్క. అయితే 2013లో వాట్సాప్ వాయిస్ మెసేజ్ సౌకర్యాన్ని తెచ్చిన తరువాత పరిస్థితి మారింది. మైకు గుర్తుపై వేలు నొక్కిపట్టి మాట్లాడటం నేడు మన ఇళ్ళలో నానీ మొదలు మనవరాలి వరకు అందరికీ అలవాటయింది.

తెలుగు ముస్లిం కుటుంబాలలో ఈ అలవాటు ఇంతగా నాటుకోవడానికి ఒక ప్రత్యేక కారణం కనిపిస్తుంది. మనలో అనేకుల ఇంటి భాష ఉర్దూ, బడిలో నేర్చిన లిపి తెలుగు. తల్లికి ఉర్దూలో మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. కుమారునికి తెలుగు రాయడం వచ్చు, కాని ఆ భాషలో అమ్మీతో మనసు విప్పి మాట్లాడిన అలవాటు లేదు. ఉత్తరం రాయాలంటే ఏ భాషలో, ఏ లిపిలో అన్నదే మొదటి చిక్కు. చదువు రాని తల్లి మరొకరి చేత రాయించుకోవాలి. అప్పుడు ఆమె మనసులోని మాట మూడో మనిషి చెవిన పడక తప్పదు. గొంతుకు లిపితో పని లేదు.

అందుకే గల్ఫ్ వలసలు మొదలైన తొలి దశాబ్దాలలో టేప్ రికార్డరు ముందు కూర్చుని క్యాసెట్టులో మాటలు నింపి, సెలవుపై వచ్చే వారి చేతికి ఇచ్చి పంపేవారు. ఆ మాటలు ఇల్లు చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేవి. నేడు క్షణాలలో చేరుతున్నాయి. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు, దుబాయి గడియారం గంటన్నర వెనుక నడుస్తాయి. డ్యూటీ వేళలు, నిద్ర వేళలు కలవవు. యూఏఈలో వాట్సాప్ ద్వారా నేరుగా మాట్లాడే కాల్స్‌పై ఏళ్ళ తరబడి ఆంక్షలు ఉన్నా, వాయిస్ మెసేజ్ మాత్రం పోతుంది. అందువల్ల ఎన్నో కాపురాలు ఈనాడు ఈ చిన్న చిన్న గొంతు ముక్కల మీదనే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు.

మా వంటి వసతి మద్రసాలలో విద్యార్థుల వద్ద ఫోన్లు ఉండవు. తల్లుల సందేశాలు ఉస్తాదుల ఫోన్లకే వస్తాయి. జుమా నాడు వాటిని పిల్లలకు వినిపిస్తాము. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, తలకు నూనె రాసుకుంటున్నావా, ఇంతకు మించి వాటిలో ఏమీ ఉండదు. అయినా పదేళ్ళ బాలుడు ఆ ముక్కను మూడుసార్లు వింటాడు. జవాబు చెప్పమంటే మాత్రం సలాం చెప్పి ఆగిపోతాడు. ఏ సూరా కంఠస్థం చేశావో చెప్పు, ఏమి తిన్నావో చెప్పు అని మేము అందించవలసి వస్తుంది. ఎదుట మనిషి లేకుండా మాట్లాడటం తేలిక కాదు. కాని ఆ మాట చేరినప్పుడు దానికి ఉండే బలం అంతా ఇంతా కాదు. ఇంత బలమున్న సాధనాన్ని మర్యాద తెలియకుండా వాడితే అది ఇంటికే గాయం చేస్తుంది.

సలాముతో ఆరంభం

ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళేముందు అనుమతి కోరి, ఇంటివారికి సలాం చెప్పాలని దివ్య ఖుర్ఆన్ (నూర్: 27) బోధిస్తున్నది. వాయిస్ మెసేజ్ కూడా తలుపు తట్టడం వంటిదే. హజ్రత్ జాబిర్ (రజి) ఒకసారి దైవప్రవక్త (సఅసం) ఇంటి తలుపు తట్టారు. ఎవరని లోపలినుంచి అడిగితే, నేను అని మాత్రమే బదులిచ్చారు. ఆ జవాబు ప్రవక్త (సఅసం)కు నచ్చలేదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కొత్త నంబరు నుంచి సందేశం పంపి నేనే మాట్లాడుతున్నానంటూ మొదలుపెట్టేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. సలాం, పేరు, పని అన్న వరుస పాటిస్తే వినేవారికి ఊరట.

దూరం నుంచి వచ్చిన సలాముకు జవాబు చెప్పే పద్ధతి కూడా మనకు ఉంది. హజ్రత్ జిబ్రీల్ (అలైహిస్సలాం) పంపిన సలామును ప్రవక్త (సఅసం) అందజేసినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) తమకు కనిపించని ఆ దైవదూతకు మరింత మేలైన మాటలతో ప్రతి సలాం పలికారు. ఉత్తరం ద్వారా గాని, మనిషి ద్వారా గాని సలాం చేరితే, అందిన వెంటనే బదులు పలకాలని ఇమామ్ నవవీ (రహ్మ) 'అల్ అజ్కార్' గ్రంథంలో వివరించారు. ప్రతి సందేశానికీ అప్పటికప్పుడే సమాధానం పంపడం వీలుకాకపోవచ్చు. సలాం విన్న క్షణంలో నోటితో బదులు పలకడానికి ఏ అడ్డూ లేదు.

కోపంలో మైకు వద్దు

ప్రవక్త (సఅసం) మాట్లాడితే వినేవారు పదాలను లెక్కపెట్టుకోగలిగేంత నిదానంగా ఉండేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మైకు చేతిలో ఉంటే మనలో చాలామంది దీనికి విరుద్ధం. ఎదుటివారి ముఖం కనిపించదు కనుక ఆపేవారు ఉండరు. ముఖాముఖిగా అనలేని మాట కూడా వేలు నొక్కిపట్టినప్పుడు నోట జారిపోతుంది. పంపిన సందేశాన్ని ఆ తరువాత తొలగించవచ్చు గాని, విన్న చెవినుంచి తొలగించలేము. మనిషి నోట వెలువడే ప్రతి పలుకునూ నమోదు చేసే పరిరక్షకుడు సిద్ధంగా ఉన్నాడని సూరె ఖాఫ్ హెచ్చరిస్తున్నది. ఆ నమోదులో తొలగించే మీట మన చేతిలో లేదు. తౌబా ఒక్కటే మార్గం.

ఆగ్రహంలో తలాఖ్ మాటను సైతం ఇలా పంపినవారు ఉన్నారు. భార్యాభర్తల మధ్య విభేదం వస్తే ఇరువైపుల నుంచి చెరొక మధ్యవర్తిని నియమించమని ఖుర్ఆన్ (నిసా: 35) చెబుతున్నది. అంతటి నిదానం కోరిన వ్యవహారాన్ని పది సెకన్ల రికార్డింగుతో తెంచాలనుకోవడం ఘోరం. 2019 నాటి చట్టం ప్రకారం మన దేశంలో ఒకేసారి మూడు తలాఖులు చెప్పడం, అది ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా సరే, చెల్లదు. అందుకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష కూడా ఉంది.

చివరి వరకూ వినాలి

2021లో వాట్సాప్ సందేశాలను ఒకటిన్నర, రెండు రెట్ల వేగంతో వినే వీలు కల్పించింది. పని సమాచారం వరకు అది మంచిదే. కాని తల్లి నాలుగు నిమిషాలు మాట్లాడితే ఆ గొంతును రెండు రెట్లు పరుగెత్తించి వినే కుమారుడు, ఆమె మధ్యలో ఎక్కడ ఆగిందో, ఎక్కడ గొంతు తడబడిందో గమనించలేడు. చాలాసార్లు అసలు విషయం అక్కడే ఉంటుంది. మోకాళ్ళ నొప్పి పెరిగిందని తల్లి నేరుగా చెప్పదు. పొరుగింటి పెళ్ళి గురించి చెబుతూ చివర ఒక్క వాక్యం కలుపుతుంది.

మక్కా నాయకుడు ఉత్బా ప్రవక్త (సఅసం)ను ప్రలోభపెట్టడానికి వచ్చినప్పుడు, ఆయన ఆ ప్రత్యర్థి మాటలను సైతం మధ్యలో అడ్డుకోలేదు. చెప్పవలసినది పూర్తయిందా అని అడిగి, ఆ తరువాతనే జవాబిచ్చారు. ప్రత్యర్థి మాటకే అంత మర్యాద ఉంటే తల్లిదండ్రుల మాటకు ఎంత ఉండాలి? మనం వినగానే వారి ఫోనులో మైకు గుర్తు నీలి రంగుకు మారుతుంది. ఆ రంగు చూసి, విన్నాడుగా, ఇక జవాబు వస్తుందని ఎదురుచూసే ముసలి కళ్ళు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి.

ఎవరికి పంపారో వారికే

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. రాజీ కోసం మా వద్దకు వచ్చే కుటుంబ తగాదాలలో ఒక తీరు తరచుగా కనిపిస్తున్నది. కోడలు పరదేశంలోని భర్తకు తన బాధ చెప్పుకుంటుంది. ఆమె ఏమంటోందో విను అమ్మీ, అంటూ అతడు దానిని తల్లికి ఫార్వార్డ్ చేస్తాడు. సాయంత్రానికి ఆ గొంతు ఇంటి హాలులో ఆడబిడ్డల ముందు మోగుతుంది. ఆ రోజునుంచి ఆమె పంపే సందేశాలలో ఖైరియత్, అల్ హమ్దులిల్లాహ్ తప్ప మరే మాటా ఉండదు. భర్త దానిని శాంతి అనుకుంటాడు. నిజానికి అది మూసుకుపోయిన తలుపు.

ఒక వ్యక్తి మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట విన్నవాని వద్ద అమానతు అని హదీసు (అబూ దావూద్, తిర్మిజీ) మనకు నేర్పుతున్నది. గోప్యంగా ఉంచమని అడగనవసరం కూడా లేదు, ఆ చూపే చాలు. ఒంటరిగా గదిలో కూర్చుని, తలుపు వేసుకుని, గొంతు తగ్గించి రికార్డు చేసిన భార్య అటూ ఇటూ చూసినట్టు కాదా?

హజ్రత్ అనస్ (రజి) బాలుడిగా ఉన్నప్పుడు ప్రవక్త (సఅసం) ఆయనను ఒక పనిపై పంపారు. ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు తల్లి కారణం అడిగారు. అది ప్రవక్త (సఅసం) రహస్యమని కుమారుడు చెప్పగానే, తనకు కూడా చెప్పమని ఆమె పట్టుబట్టలేదు. దానిని ఎవరికీ చెప్పవద్దని కుమారునికి తాకీదు చేశారు. కోడలి సందేశం తమ ఫోనుకు వచ్చినప్పుడు మన అత్తగార్లు గుర్తు తెచ్చుకోవలసిన తల్లి ఆమె. బేటా, ఇది నీకు పంపింది, నాకు వినిపించకు అని ఒక్క మాట అనగల అత్తగారు ఉంటే ఆ ఇంట కోడలి గొంతు మూగబోదు.

కనుక పంపేముందు ఒకసారి విని చూసుకుందాం. అందుకున్నది చివరి వరకూ విందాం. ఒకరి గొంతును మరొకరికి వినిపించవలసి వస్తే ముందుగా ఆ గొంతు గలవారి అనుమతి తీసుకుందాం. ఇవేవీ కొత్త నియమాలు కావు. తలుపు తట్టే మర్యాదే, అమానతును కాపాడే ధర్మమే.

అల్లాహ్ మన నాలుకలను, చెవులను, మనకు అప్పగించబడిన మాటలను కాపాడుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.