నిద్ర పోనివ్వని కార్డు బాకీ

మనోవ్యాధికి మందు లేదంటారు. కాని క్రెడిట్ కార్డు బాకీతో పట్టుకున్న గుండెదడకు, నిద్రలేమికి మందుబిళ్ళ కంటే ముందు లెక్క చూసుకోవడం అవసరం.

బాకీ 50,000 రూపాయలు, వడ్డీ నెలకు 3.5 శాతం అనుకోండి. వడ్డీయే 1,750. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 315. 'కనీస మొత్తం' అని 2,500 కడితే అసలులో తరిగేది 435 రూపాయలే!

కనుక ముందు కార్డు వాడకం ఆపండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి, దాచినకొద్దీ దిగులు పెరుగుతుంది. తక్కువ వడ్డీకి వాయిదాలుగా మార్చమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఈ బాకీ తీర్చడానికి ఫోను యాప్‌లలో మరో అప్పు చేయకండి. డబ్బు మిగులుతుందని బి.పి., షుగరు మాత్రలు మానకండి.

వసూలుదారులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయరాదని, బెదిరించరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వేధిస్తే ముందు బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపండి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం క్షణం ఆగకుండా 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే ఈ టెలి మానస్‌లో రాత్రింబవళ్ళు తెలుగులోనూ ఉచితంగా సలహా ఇస్తారు. బాకీ నేడు కాకపోతే రేపు తీరుతుంది. ప్రాణం పోతే తిరిగి రాదు.