పచ్చడి మీది... కాగితం ఎవరి పేర?

ఏప్రిల్ వచ్చిందంటే మనలో చాలామందికి చేతులు ఊరుకోవు. కాయలు ఎక్కడ బాగున్నాయి, ఈ ఏడు కారం రంగు ఎలా ఉంది, నూనె ధర ఎంత పలుకుతోంది అని ఆరాలు మొదలవుతాయి. ఇంటికి పెట్టుకునే జాడీ పక్కన ఇంకో రెండు జాడీలు పెట్టి, తెలిసినవాళ్లకు అమ్ముకునే వాళ్లూ మనలో తక్కువేం లేరు. అలాంటి సోదరీమణుల కోసమే ఈ నాలుగు మాటలు. ఆవకాయ కొలతలు చెబుతాననుకునేరు! అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పబోయేది పచ్చడి అమ్ముకోవడానికి కావలసిన కాగితాల సంగతి. ఆ కాగితాలు తెలియక నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని.

మాది తెనాలి. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసిన మనిషిని. మావారు ఒక రైసుమిల్లులో గుమాస్తా. 2020లో కరోనా రోజుల్లో ఆయన జీతం సగానికి సగం తగ్గించారు. అమ్మాయి కాలేజీ ఫీజు ఎదురుగా ఉంది. అప్పుడు మొదలుపెట్టాను ఆవకాయ, గోంగూర, పండుమిరప. మొదట మా వీధివాళ్లు, తరవాత మావారి మిల్లువాళ్లు, ఆ తరవాత వాళ్ల చుట్టాలు. మరుసటి ఏడు ఊళ్లో ఒక పెద్ద కిరాణా షాపాయన రుచి చూసి, "నెలకు అరవై సీసాలు వేయండమ్మా. కానీ సీసా మీద ఫుడ్ లైసెన్సు నంబరు ఉండాలి" అన్నారు.

లైసెన్సు అనగానే నా గుండె జారిపోయింది. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు ఇలాంటి కాగితాల పనులు చేస్తుంటాడు. "ఆంటీ, మీకెందుకు ఆఫీసుల చుట్టూ తిరగడం? నాలుగువేలు ఇవ్వండి, అంతా నేను చూసుకుంటాను" అన్నాడు. ఇచ్చాను. వారంలో పద్నాలుగు అంకెల నంబరుతో కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాను. నవ్వకండి!

సరిగ్గా ఏడాది తిరిగాక, ఒక రోజు మధ్యాహ్నం షాపు ఆటోలో అరవై సీసాలూ వెనక్కి వచ్చేశాయి. నంబరు కంప్యూటర్లో కొట్టి చూస్తే గడువు అయిపోయిందని చూపించిందట. అప్పుడు ఫ్రేము దించి మొదటిసారి ఆ కాగితం సాంతం చదివాను. తీసుకున్నది ఒక్క ఏడాదికే. వ్యాపారం పేరు కింద ఉన్నది మావారి పేరు. ఫోను నంబరు ఆ అబ్బాయిది! గడువు దగ్గర పడుతోందని వచ్చే మెసేజీలన్నీ వాడికే వెళ్లాయి. అడిగితే, "మర్చిపోయానాంటీ, ఇంకో రెండున్నరవేలు ఇవ్వండి, చేసేస్తాను" అన్నాడు. ఇంతకీ ఆ కాగితానికి ప్రభుత్వం తీసుకున్న రుసుము ఎంతో తెలుసా? ఏడాదికి నూరు రూపాయలు.

సీసాలు సగం ధరకు ఇరుగుపొరుగుకు ఇచ్చేశాను. అది కాదు నాకు నొప్పి. పేరు ఎవరిదైతేనేం, మొగుడూ పెళ్లాలే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ గడువు అయిపోకముందు, గ్రైండరుకూ సీసాలకూ అప్పు కావాలని బ్యాంకుకు వెళ్లినప్పుడు మేనేజరుగారు కాగితం చూసి, "అమ్మా, వ్యాపారం మీవారిది కదా. మీరు ఇందులో ఎవరు?" అని మర్యాదగానే అడిగారు. ఆ పొద్దున పండుమిరపకాయలు తొక్కి వెళ్లాను. చేతుల మంట ఇంకా తగ్గలేదు. ఏం చెప్పను?

మావారిని తప్పుపట్టడం లేదు. ఆయన ఆధార్ జిరాక్సు బల్ల మీద ఉంది, అబ్బాయి అది పట్టుకుపోయాడు. అంతే. అడిగే తెలివి నాకు లేకపోయింది.

నూరు రూపాయల కాగితం

2022లో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నేనే పెట్టాను. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. అమ్మకానికి తినుబండారం చేసే ప్రతివాళ్లూ, ఇంట్లో చేసినా సరే, నమోదు చేయించుకోవాలని దాని నిబంధనలు 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చాయి. మనలాంటి చిన్నవాళ్లకు కావలసింది 'లైసెన్సు' కాదు, 'రిజిస్ట్రేషన్'. రెండూ వేరు. ఏజెంట్లు మనల్ని భయపెట్టేది ఈ మొదటి మాటతోనే. నేను పెట్టిన రోజుల్లో ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లందరికీ రిజిస్ట్రేషన్ చాలు. అయిదేళ్లకు కలిపి అయిదు వందలు కట్టాను. ఈ పరిమితులూ గడువులూ ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి మీరు పెట్టే రోజు ఫోస్కోస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి. కంప్యూటరు రాకపోతే కామన్ సర్వీస్ సెంటరుకు వెళ్లినా పెట్టిస్తారు.

అడిగినవి ఒక ఫొటో, గుర్తింపు కార్డు, ఇంటి చిరునామా, ఏం చేస్తున్నామో వివరం. అంతే! అధికారి ఏడు రోజుల్లో కాగితం ఇవ్వాలి, లేదా కారణం చెప్పి కాదనాలి, లేదా ఇల్లు చూడటానికి వస్తామని చెప్పాలి అని 2011 నిబంధనల్లో రాశారు. నాకు అయిదో రోజున ఫోనుకు మెసేజి వచ్చింది. నా ఫోనుకే.

వంటింటి శుభ్రానికి వాళ్లు పెట్టిన షరతులు చదివితే మా అత్తగారే రాశారేమో అనిపించింది. మంచినీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, తల వెంట్రుకలు పడకుండా గుడ్డ, జలుబో విరేచనాలో ఉన్నవాళ్లు ఆ రోజు సరుకు ముట్టుకోకూడదు. మడి వంట చేసిన ఇళ్లలో ఇవేం కొత్త కావు.

సీసా మీద చీటీ సంగతి మాత్రం కొంచెం జాగ్రత్తగా చూసుకోండి. మీ పేరు, చిరునామా, ఆ పద్నాలుగు అంకెల నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, ఎక్కువ వేసినదాన్ని ముందు పెట్టి దినుసుల వరుస, నికర తూకం, తయారీ తేదీ, ఎన్నాళ్లు నిలవ, ధర ఇవన్నీ ఉండాలి. తూకం వేసే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఇది చాలామందికి తెలియదు. నేనూ షాపాయన చెబితేనే చేయించాను. ఇంకోటి, ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల గ్యాస్ బండ మీద అమ్మకానికి వండకూడదు. వ్యాపారానికి 19 కిలోల బండ వేరే ఉంది. తాలింపు నూనె కాచడానికి కూడానా అంటే... ఆఁ, దానికి కూడా!

రెండో కాగితం ఉద్యమ్. 2020 జులై 1 నుంచి వచ్చింది. మీరు చిన్న వ్యాపారస్తులని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకునే కాగితం ఇది. యజమాని ఆధార్ మీదే ఇస్తారు కాబట్టి ఇక్కడ ఎవరి వేలు పెడితే వాళ్లే యజమాని. రుసుము ఒక్క పైసా లేదు. కానీ అచ్చం ప్రభుత్వానిదిలాగే కనిపించి రెండు మూడు వేలు గుంజే వెబ్‌సైట్లు బోలెడు ఉన్నాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' అని ఉందో లేదో చూడకుండా డబ్బు కట్టకండి. ఈ కాగితం ఉంటే ఒక మేలు ఉంది. సరుకు తీసుకున్న షాపువాళ్లు ఒప్పందం రాసుకున్నా సరే 45 రోజులు దాటించకుండా డబ్బు ఇవ్వాలని 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం చెబుతోంది. షాపాయనతో ఆ చట్టం మాట్లాడితే వచ్చే నెల ఆర్డరు ఉంటుందా అన్నది వేరే సంగతనుకోండి!

అప్పు దసరాకు, కాయలు వేసవికి

ముద్ర అప్పు గురించి మీరు వినే ఉంటారు. 2015 ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి మెట్టు 'శిశు', యాభై వేల దాకా. ఇంటి కాగితాలూ బంగారం తాకట్టూ అక్కర్లేదు. పది లక్షల లోపు చిన్న పరిశ్రమల అప్పులకు తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. అయినా నేను రెండోసారి వెళ్లినప్పుడు ఇంకో బ్యాంకులో మావారి జీతం స్లిప్పు తెమ్మన్నారు. ఈసారి నా రిజిస్ట్రేషన్, నా ఉద్యమ్ కాగితం, ఏడాదిపాటు రాసిన లెక్కల పుస్తకం ముందు పెట్టాను. పచ్చళ్ల డబ్బులకు విడిగా ఒక ఖాతా పెట్టుకోవడం కలిసొచ్చింది. నెలనెలా ఎంత వచ్చిందో పాస్‌బుక్కే చెప్పింది. స్లిప్పు మాట మళ్లీ ఎత్తలేదు. నలభై వేలు ఇచ్చారు.

అయితే ఎప్పుడిచ్చారు? దసరా వెళ్లాక! పచ్చడి కాయ దొరికేది ఏప్రిల్, మే నెలల్లో. కారం, నూనె, ఆవపిండి అన్నీ ఆ నాలుగు వారాల్లోనే కొనాలి. అక్టోబరులో వచ్చిన డబ్బుతో ఉసిరికాయ పెట్టాను గానీ, ఆవకాయకు మళ్లీ నా గాజులే వెళ్లాయి. మీలో అప్పుకు వెళ్లేవాళ్లు సంక్రాంతి కాగానే దరఖాస్తు పెట్టండి.

ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020 జూన్‌లో ఇంకో పథకం పెట్టింది. పి.ఎం.ఎఫ్.ఎం.ఇ. అంటారు. తరవాత 2025-26 దాకా పొడిగించారు. యంత్రాలకయ్యే ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా, సబ్సిడీ. మూడు లక్షల యంత్రానికి లక్షా అయిదు వేలన్నమాట. మన చేతి నుంచి పదో వంతు, అంటే ముప్పయి వేలు పెట్టుకోవాలి. ఆ సబ్సిడీ చేతికిస్తారనుకోకండి. బ్యాంకులో మూడేళ్లు ఉంచి, అప్పు సక్రమంగా కడుతూ యూనిట్ నడుస్తుంటేనే జమ చేస్తారు. మాకు తెలిసినావిడ ఒకరు ఆ డబ్బు ముందే వస్తుందని నమ్మి షెడ్డు అద్దెకు తీసుకుని నలిగిపోయారు. డ్వాక్రా సంఘాల్లో ఉండి తినుబండారాలు చేసేవాళ్లకు ఇదే పథకంలో మనిషికి నలభై వేల దాకా మూలధనం అని పెట్టారు. అదే నాకు బాగా నచ్చింది. ఎందుకంటే యంత్రాలకు సాయం చేసే పథకాలు చాలా ఉన్నాయి. వంటింటి ఆడమనిషికి తక్కువైంది యంత్రం కాదండీ, సీజనులో చేతిలో నాలుగు డబ్బులు. 1959లో బొంబాయిలో లిజ్జత్ అప్పడాలు మొదలుపెట్టిన ఏడుగురు ఆడవాళ్లు తెచ్చుకున్న అప్పు ఎనభై రూపాయలు. దానితో వాళ్లు కొన్నది పిండీ దినుసులే!

హైదరాబాదు పరాయి రాష్ట్రమే

ఒక్కటి చెప్పి ముగిస్తాను. జి.ఎస్.టి. మనకేం సంబంధం అనుకుంటాం. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో ఏడాదికి నలభై లక్షల దాకా, తెలంగాణలో ఇరవై లక్షల దాకా ఆ నమోదు అక్కర్లేదు, నిజమే. కానీ పన్ను వర్తించే సరుకు రాష్ట్రం దాటి అమ్మితే ఆ మినహాయింపు లేదు. ఒక్క సీసా అయినా నమోదు ఉండాల్సిందే. బెంగళూరుకో చెన్నైకో అంటే సరే, మనం మర్చిపోయేది హైదరాబాదును. 2014 జూన్ 2 నుంచి తెనాలి పచ్చడికి అది కూడా పరాయి రాష్ట్రమే కదా! నాకు హైదరాబాదు నుంచి నెలకు పది ఆర్డర్లు వస్తాయి. అన్నీ వద్దంటున్నాను. నెలనెలా రిటర్నులు వేయించే ఖర్చు ఆ పది సీసాలు మొయ్యలేవు. పద్నాలుగు సీసాలతో వ్యాపారం చేసే మనిషికీ పద్నాలుగు లారీలతో చేసేవాళ్లకూ సరిహద్దు దగ్గర ఒకటే రూలంటే ఎలా? ఆ చట్టం రాసినవాళ్లు ఎప్పుడైనా ఒక సీసా పచ్చడి పార్సిల్ కట్టి చూడాలి. మా ఆడపడుచు కూకట్‌పల్లిలో ఉంటుంది. ఆవిడకు పంపేది అమ్మకం కాదు లెండి, దానికి ఏ నంబరూ అక్కర్లేదు.

అరవై సీసాలు తిప్పిపంపిన షాపాయనే మళ్లీ కబురుపెట్టారు. ఇప్పుడు నెలకు ఎనభై వేస్తున్నాను. చీటీ మీద మొదటిసారి నా పేరు అచ్చులో చూసి మా అత్తగారు, "ఇంటిపేరు సరిగ్గానే వేశావుగా?" అన్నారు. మా పక్కింటి వదిన సున్నుండలు, జంతికలు చేస్తుంది. తనకూ కాగితం కావాలట. వచ్చే బుధవారం రమ్మన్నాను, ఆధార్ కార్డు, ఫొటో, తన సొంత ఫోను పట్టుకుని. అన్నయ్యగారి ఫోను కాదని రెండుసార్లు చెప్పాను.