ఖీమాకు ఇటలీ రుచి!

ఖీమా అనగానే అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాలపొడి, గరంమసాలా గుర్తొస్తాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ముక్త్యాలలోనైనా, జగ్గయ్యపేట, నందిగామల్లోనైనా ఆదివారం వంట ఇంచుమించు అంతే. ఒక్క వారం మసాలా డబ్బా మూత తీయకుండా చూస్తే? అదే ఖీమా ఇటలీ భోజనమైపోతుంది. పావుకిలోతోనే నలుగురికి సరిపోతుంది కూడా!

బొలోనా పద్ధతి

ఇటలీలో ఖీమా వంటకు పెట్టింది పేరు బొలోనా నగరం. అక్కడ దాన్ని ‘రాగూ’ అంటారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేస్తుంటే, అసలు పద్ధతి ఇదీ అంటూ 1982 అక్టోబరు 17న ఆ నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు. 2023లో దాన్ని సవరించారు. గొడ్డుమాంసం, ఉల్లి, క్యారెట్, సెలరీ, కాస్త టొమాటో, కాసిని పాలు... ఇలాంటివి వేస్తారు. వెల్లుల్లి కూడా ఉండదు. రుచంతా సన్నసెగ మీద గంటలకొద్దీ ఉడకడంలోనే ఉంది. మన దగ్గర పొట్టేలు ఖీమాతోనూ చక్కగా కుదురుతుంది. పెద్దమాంసం వండుకునే ఇళ్లలో మరికాసేపు ఉడికిస్తే చాలు.

పెరట్లోనే పరిమళం

దక్షిణ ఇటలీ వంటల్లో ఘుమఘుమలాడేవి ఒరెగానో, బాసిల్. వాటికోసం పట్నం పరుగెత్తక్కర్లేదు. ఒరెగానో వాసనకు కారణమైన కార్వక్రాల్ బజ్జీలు వేసుకునే వామాకులోనూ ఉంటుంది. వేసవిలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు బాసిల్ మొక్కవే! కుండీలో చల్లితే ఆకులు చేతికొస్తాయి. ఇక టొమాటో ఇటలీ సొత్తేం కాదు. మన మెట్టపొలాల్లో పండే మిరపలాగే అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే.

కావలసినవి

ఖీమా: 250 గ్రా., మెకరోనీ: 250 గ్రా., ఉల్లిపాయలు: రెండు, క్యారెట్: ఒకటి, పండు టొమాటోలు: అరకిలో, వెల్లుల్లి రెబ్బలు: మూడు, పాలు: అరకప్పు, వామాకులు: రెండు, సబ్జా ఆకులు: గుప్పెడు, మిరియాలపొడి: చెంచా, నూనె: మూడు చెంచాలు, ఉప్పు: తగినంత.

తయారీ

సన్నగా తరిగిన ఉల్లి, క్యారెట్, వెల్లుల్లిని నూనెలో మెత్తబడేదాకా వేయించాలి. ఖీమా వేసి, ఉండలు కట్టకుండా గరిటెతో విడదీస్తూ నీరంతా ఇగిరి ఎర్రబడేవరకూ వేపాలి. పాలు పోసి ఇగరనివ్వాలి. టొమాటో గుజ్జు, ఉప్పు, మిరియాలపొడి, తరిగిన వామాకు వేసి మూతపెట్టి, సన్నసెగమీద గంటన్నర ఉంచాలి. అడుగంటుతుంటే వేణ్నీళ్లు చిలకరించాలి. విడిగా ఉప్పునీళ్లలో ఉడికించిన మెకరోనీని కలిపి, దించాక సబ్జా ఆకులు చల్లాలి.

ఇది మరవొద్దు!

ముక్కలకంటే ఖీమా త్వరగా పాడవుతుంది. కొట్టేటప్పుడు పైనున్న క్రిములు మాంసమంతా కలిసిపోవడమే కారణం. అందుకే ఎదురుగా కొట్టించుకుని, ఆరోజే వండేయాలి. లోపల గులాబీరంగు మిగలకుండా ఉడకాలి. పిల్లలకు పెట్టే ఇంట్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. మిగిలిన కూర చల్లారగానే ఫ్రిజ్‌లో పెడితే, మర్నాడు బాగా వేడిచేసి దోసెలో పెట్టుకున్నా... అదిరిపోతుంది!