గిన్నెపై పేరు, గోడపై ముద్ర

పెండ్లినాటి యిత్తడి బిందెమీద పేరును తేదీని చెక్కించుట మన యిండ్లలోని వాడుక. ఎందుకని మా విద్యార్థుల నడిగితిమి. "పొరుగింటికి పోయిన గిన్నె తిరిగి వచ్చుటకు" అని యొక బాలుడు చెప్పెను. మంచి యుత్తరమే. రాజులును ఇంచుమించుగా నిట్టి కారణముననే వస్తువులపై తమ చిహ్నములను నిలిపిరి. కాని వారు తమదని చెప్పదలచినది గిన్నెను మాత్రమే కాదు.

ఆసఫ్ జాహీల పతాకమునం దొక తెల్లని వర్తులము గలదు. అది కుల్చా యను రొట్టె యని ఐతిహ్యము. మొదటి నిజామునకు ఒక సూఫీ గురువు కుల్చాలు పెట్టగా ఆయన ఏడు తినెననియు, ఏడు తరములు ఏలుదువని గురువు దీవించెననియు చెప్పుదురు. వంటయింటి రొట్టె ఇట్లు రాజచిహ్నమయ్యెను. రాజచిహ్నము మరల మన యింటిలోనికి వచ్చిన త్రోవ నాణెము. దానిమీది పారసీకాక్షరములు కరీంనగరు, ఆదిలాబాదు రైతునకు తెలియవు. చార్మినారు బొమ్మ మాత్రము చదువురాని వానికిని ఏలిక యెవరో చెప్పెను.

హైదరాబాదులోని ఫలక్‌నుమా మేడ యీ విషయమున మిక్కిలి చిత్రమైనది. పాయిగా వంశజుడగు వికారుల్ ఉమ్రా దానికి 1884లో పునాది వేయించెను. తన బిరుదులోని 'వీ', 'ఓ' అను ఆంగ్లాక్షరములను పెనవేసి గోడలపైనను, పైకప్పులపైనను, కుర్చీలు మొదలగు సామగ్రిపైనను నిలిపెను. కూర్చున్నవాని వీపునకు సైతము యజమాని పేరు ఆనుచుండెను కాబోలు! 1897లో ఆ మేడ ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ వశమయ్యెను. యజమాని మారెను, అక్షరములు మారలేదు. నైజాము పాలనయు 1948లో ముగిసెను. అక్షరము లిప్పటికిని కలవు.

మన కరీంనగరు వెండి తీగపని యట్టి దొరల యిండ్లకు పాందానులను, అత్తరుదానులను సమకూర్చినది. సన్నని తీగలను జంటగా మెలివేసి, సాగగొట్టి, చట్టములో పూవులుగాను ఆకులుగాను అమర్చి, వెలిగారముతో నతికింతురు. పనితన మొక్కటే; పైనుండు గురుతు మాత్రము కాలమునుబట్టి మారును. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సభకు ఇచ్చటి పనివారు అశోకచక్రపు బిళ్లలను చేసి పంపిరి. చక్రమునకు ఆకులు 24.