సైనిక వైద్యుడు - పట్టా, హోదా, వేతనం

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 'యుక్తసేనీయం' అనే అధ్యాయం ఒకటి ఉంది. రాజు దండయాత్రకు వెడలినపుడు వెంట ఉండవలసిన వైద్యుని గురించి చెప్పే అధ్యాయమది. స్కంధావారంలో, అనగా సైన్యం విడిది చేసిన చోట, రాజు గుడారం చెంతనే వైద్యుని నివాసం ఉండాలనీ, గాయపడినవారు సంకోచం లేకుండా చేరుకొనేటట్లు అతడు ధ్వజం వలె అందరికీ కనబడాలనీ అందులో చెప్పబడింది. సైన్యంలో వైద్యుని స్థానాన్ని ఆనాడు గుడారం తెలిపితే, ఈనాడు భుజం మీది చిహ్నాలు తెలుపుతున్నాయి. భారతసైన్యంలో మూడు నక్షత్రాలు ధరించినవాడు కెప్టెన్. ఒక్క జాతీయ చిహ్నం ధరించినవాడు మేజర్.

అయితే వైద్యుని విషయంలో సైన్యానికి ఒక చిక్కు ఉంది. సైన్యంలో పదవి అనేది మెట్లదారి. ఇరవై రెండేళ్ళ ప్రాయంలో శిక్షణ ముగించిన యువ అధికారి కింది మెట్టు మీద కాలు మోపి, సంవత్సరాలు గడిచేకొద్దీ పైకి పోతాడు. వైద్యుడు ఆ వయస్సుకు ఇంకా కళాశాలలోనే ఉంటాడు. ఎం.బి.బి.ఎస్. చదువుకు, ఇంటర్న్‌షిప్‌కు కలిపి అయిదున్నర సంవత్సరాలు, ఎం.డి. గాని ఎం.ఎస్. గాని చేస్తే మరి మూడేళ్ళు; ఆపైన గుండె, మెదడు వంటి అవయవాల వైద్యంలో ఉన్నత పట్టా కావలెనంటే ఇంకొక మూడేళ్ళు. ఇన్నేళ్ళ విద్య పూర్తిచేసుకొని వచ్చినవానిని కింది మెట్టు మీదనే నిలిపితే, ఎక్కువ చదివినవాడు తక్కువవాడై తనకన్నా చిన్నవారికి వందనం చేయవలసి వస్తుంది. చదివిన కాలాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకొంటే, ఎడారులలోనూ మంచుకొండలలోనూ నిజంగా సేవ చేసిన అధికారికి అన్యాయం జరుగుతుంది. ఈ రెంటి నడుమ ఏ దేశానికా దేశం ఒక గీత గీసుకొంది.

మన సైనిక వైద్యదళం నేటి రూపంలో 1943 ఏప్రిల్ 3న ఏర్పడింది. శాశ్వత నమోదు పొందిన వైద్యుడు ఈ దళంలో సాధారణంగా లెఫ్టినెంట్ మెట్టును దాటి కెప్టెన్‌గానే ప్రవేశిస్తాడు. ఏడవ వేతన సంఘం సిఫార్సుల మేరకు 2016 నుండి అమలైన పట్టికలో లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలతోనూ, కెప్టెన్‌ది 61,300 తోనూ, మేజర్‌ది 69,400 తోనూ, లెఫ్టినెంట్ కల్నల్‌ది 1,21,200 తోనూ మొదలవుతుంది. దీనికి తోడు ప్రైవేటు ప్రాక్టీసు మానుకొన్నందుకు మూలవేతనంపై ఇరవై శాతం భత్యం, సైనిక సేవా వేతనంగా 15,500 రూపాయలు లభిస్తాయి.

స్నాతకోత్తర పట్టాతో వచ్చినవానికి పై మెట్టు వెంటనే దక్కదు. సీనియారిటీ లెక్కించే తేదీ కొన్ని నెలలు వెనుకకు జరుగుతుంది. దీనినే కార్యాలయ భాషలో 'యాంటీడేట్ సీనియారిటీ' అంటారు. వినడానికి ఇది స్వల్పమైన లాభంగా తోస్తుంది. కాని పై అంకెలను మరొకసారి చూడాలి. కెప్టెన్‌కూ మేజర్‌కూ ఉన్న తేడా ఎనిమిది వేల పైచిలుకు మాత్రమే. మేజర్‌కూ లెఫ్టినెంట్ కల్నల్‌కూ నడుమ ఉన్నది అగాధం. మేజర్‌గా ఏటా చేరే మూడు శాతం పెరుగుదలను కలుపుకొన్నా అది పూడదు. పైగా ప్రాక్టీసు భత్యం శాతంలో ఉన్నది కనుక మూలవేతనంతో పాటు అదీ పెరుగుతుంది: 61,300కు 12,260 వచ్చేది, 1,21,200కు 24,240 అవుతుంది. కనుక పదోన్నతి కొన్ని నెలలు ముందుగా రావడంలోని విలువ నియామకం నాటికన్నా సంవత్సరాలు గడిచాక ఆ అగాధాన్ని దాటే రోజున తెలుస్తుంది. వృత్తిపరంగా మరొక వరుస కూడా ఉంది. పట్టా ఉన్న నిపుణుడు మొదట 'గ్రేడెడ్ స్పెషలిస్టు'; అనుభవం, మదింపు తరువాత 'క్లాసిఫైడ్ స్పెషలిస్టు'. భుజం మీది చిహ్నానికీ ఈ పేర్లకూ నేరుగా ముడిపెట్టరాదు.

అమెరికాలో ఈ లెక్కను చట్టమే వివరంగా చెప్పింది. అక్కడ సైన్యంలో చేరకముందు పొందిన విద్యకు 'కన్‌స్ట్రక్టివ్ సర్వీస్ క్రెడిట్' ఇస్తారు. చేయని సేవను చేసినట్లుగా భావించడమని దీని అర్థం. 'భావిత సేవాకాలం' అనుకోవచ్చు. వైద్యపట్టాకు నాలుగు సంవత్సరాల భావిత సేవ లభిస్తుంది. అందుచేత అక్కడి నూతన వైద్యుడు కూడా కెప్టెన్‌గానే మొదలవుతాడు. చేరకముందే స్పెషాలిటీ శిక్షణ పొంది ఉంటే ఆ కాలానికీ క్రెడిట్ ఉంటుంది. వైద్యపట్టాతో పాటు పిహెచ్.డి. వంటి మరొక ఉన్నత పట్టా ఉన్నపుడు, అది తన వృత్తివిధులకు నేరుగా తోడ్పడేదైతేనే లెక్కకు వస్తుంది. అంటురోగాల నిపుణునికి సూక్ష్మజీవశాస్త్రంలో పరిశోధన పట్టా పనికిరావచ్చు. సంగీతంలో పొందిన పట్టా, ఎంత గొప్పదైనా, పనికిరాదు. ఒకే కాలంలో రెండు చదువులు సాగించినవానికి ఆ కాలం ఒక్కసారే లెక్కకు వస్తుంది.

ఇంతవరకు న్యాయంగానే ఉంది. పేచీ వేతనం దగ్గర వస్తుంది. అమెరికా సైనిక వేతనపట్టికలో అడ్డువరుస హోదాను, నిలువువరుస సేవాసంవత్సరాలను సూచిస్తాయి. రెండూ కలిసిన గడిలోని అంకె మూలవేతనం. భావిత సేవ అడ్డువరుసను మాత్రమే మార్చగలదు. తొలి హోదాను, ఆ హోదాలో క్రమాన్ని, పదోన్నతి అర్హతను నిర్ణయించడానికే అది ఉపయోగపడుతుందని చట్టం పరిమితి విధించింది. పన్నెండేళ్ళ భావిత సేవతో మేజర్‌గా చేరినవాడు సైతం, పూర్వసేవ లేనివాడైతే, నిలువువరుసలలో మొట్టమొదటి దానిలోనే నిలుస్తాడు. పన్నెండేళ్ళు నిజంగా సేవచేసిన మేజర్ అదే చిహ్నం ధరించి, అదే ఆసుపత్రిలో పనిచేస్తూ ఎక్కువ వేతనం అందుకొంటాడు. పూర్వం ఇట్లా లేదు. 1981 సెప్టెంబరు 15న కొత్త చట్టం అమలులోకి రాకముందు వైద్యాధికారులకు నాలుగేళ్ళ వైద్యవిద్య వేతనపు లెక్కలో కూడా చేరేది.

వేతనంలో లోటును కొంతవరకు పూడ్చేవి వైద్యులకిచ్చే ప్రత్యేక భత్యాలు. అవి స్పెషాలిటీని బట్టి, ఆ శాఖా మండలి ధ్రువీకరణను బట్టి, ఒప్పుకొన్న సేవాకాలాన్ని బట్టి వస్తాయి. శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవానికి హోదా, భత్యం రెండూ పెరుగుతాయి. పిహెచ్.డి. పట్టా హోదాకు తోడ్పడినా ఈ భత్యాలకు ఆధారం కాదు. అయిదారేళ్ళు ప్రయోగశాలలో గడిపి వచ్చిన వైద్యునికి ఇది కొంత కష్టంగానే తోస్తుంది. కాని సైన్యం కొలుస్తున్నది పాండిత్యాన్ని కాదు, తనకు కావలసిన పనిని.

పింఛను విషయంలోనూ ఇంతే. ఇరవై సంవత్సరాల సేవతో వచ్చే విశ్రాంతి వేతనానికి భావిత సేవ ఒక్క రోజును కూడా చేర్చదు. నలభై యేళ్ళ వయస్సులో మేజర్‌గా చేరినవాడు అరవై వరకు ఆగవలసిందే. చేరిన తరువాత సంపాదించిన పట్టాకు ఈ క్రెడిట్ ఉండదు. ఆ సంవత్సరాలలో అతడు యూనిఫారంలోనే ఉంటాడు గనుక వాటిని మరల భావించవలసిన పని లేదు. అందువలన నియామక పత్రంపై సంతకం చేసేలోగానే వైద్యుడు తన పట్టాలను, శిక్షణ పత్రాలను తేదీలతో సహా సమర్పించి, తనకు ఎన్ని సంవత్సరాలు లెక్కించారో, అవి హోదాకా వేతనానికా అన్నది రాతపూర్వకంగా తెలుసుకొంటాడు.