అంబాసిడర్‌కి చూపు మందగిస్తే...

రాత్రి తొమ్మిదింటికి నరసరావుపేటలో బయల్దేరి పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరాలి. బండి పాత అంబాసిడర్. ఇంజను గుండ్రాయిలా ఉంది, వెనక సీటు సోఫాలా ఉంది. చిక్కల్లా ముందు లైట్లతోనే! అవి వెలుగుతున్నాయో లేదో తెలియాలంటే దిగి చూడాలి. ఎదురుగా వెనక లైటు లేని మిరపకాయల ట్రాక్టరో, రోడ్డు మీదే నెమరేస్తూ పడుకున్న గేదెలో ఉంటే... బ్రేకు మీద కాలు పడేసరికే ఆలస్యమైపోతుంది.

అప్పుడు చాలామందికి తట్టే ఉపాయం ఒకటే. ‘100 వాట్ల బల్బులు వేయించేద్దాం’. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారే మనదేశంలో అంబాసిడర్ అయింది. 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 మేలో పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా హిందూస్థాన్ మోటార్స్ దాన్ని తయారుచేస్తూనే వచ్చింది. ఎమ్మెల్యేల దగ్గర్నుంచి పెళ్లికొడుకుల దాకా అందరినీ మోసిన బండి. ఇష్టంగా అట్టేపెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. టింకరింగు చేయించి, తెల్లగా రంగేయించి మురిసిపోతారు. విచిత్రమేమిటంటే, కొన్ని బండ్లకు ఆ కొత్త రంగుతోనే కొత్త జబ్బు పట్టుకుంటుంది. అదెలాగో చూద్దాం.

సాగర్ కుడి కాలువ కింద చివరి భూముల రైతును అడగండి. తూము దగ్గర నిండుగా ఉన్న నీరు తన పొలానికి వచ్చేసరికి ఎందుకు సన్నబడుతుందో చెబుతాడు. కారులో కరెంటుదీ అదే కథ. బ్యాటరీ దగ్గర 12 ఓల్టులు పైచిలుకే ఉంటుంది. కానీ అది స్విచ్చులోకి, అక్కణ్నుంచి డిప్పర్‌లోకి, అక్కణ్నుంచి నాలుగైదు జాయింట్లు దాటుకుని బల్బుకు చేరాలి. చిలుము పట్టిన ప్రతి జాయింటూ కొంత మింగేస్తుంది. బల్బు సంగతేమో మరీ సున్నితం. ఓల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు, సుమారు 30 శాతం పడిపోతుంది! అంటే బల్బు దగ్గర ఒకటిన్నర ఓల్టు తగ్గినా మూడోవంతు వెలుగు మాయం.

ఇది వెళ్లే దారి. తిరిగొచ్చే దారీ ఉంది. బల్బులోంచి వచ్చిన కరెంటు ‘ఎర్త్’ వైరు ద్వారా కారు బాడీలోకి, బాడీ మీదుగా బ్యాటరీకి చేరాలి. ఆ వైరును ముందువైపు రేకుకు బోల్టుతో బిగిస్తారు. రేకు తుప్పుపట్టినా, పెయింటరు బోల్టు కింద కూడా శుభ్రంగా రంగు కొట్టేసినా ఆ దారి మూసుకుపోయినట్టే. ముస్తాబైన బండికి చూపు మందగించడం వెనకున్న రహస్యం ఇదే.

ఏది చెడిందో బండే చెబుతుంది, కాస్త గమనించాలంతే. ఒకవైపు లైటే మసగ్గా ఉంటే ముందు ఆవైపు ఎర్త్‌నూ, బల్బు హోల్డర్‌నూ అనుమానించండి. ఇండికేటరు వేసినప్పుడల్లా హెడ్‌లైటు కూడా వణుకుతున్నా, హెడ్‌లైటు వేస్తే పక్కనున్న చిన్నలైటు వింతగా మినుకుమన్నా అది ఎర్త్ జబ్బే. సొంత దారి మూసుకుపోయి, కరెంటు పక్క బల్బులోంచి దొడ్డిదారి వెతుక్కుంటోందన్నమాట. రెండూ ఒకేలా మసకేస్తే స్విచ్చు దారిలో లోపం. డిప్ వెలిగి హైబీమ్ రాకపోతే డిప్పర్. పాత మోడళ్లలో అది క్లచ్ పక్కన, ఎడమకాలితో నొక్కేది. వానాకాలం బురద చెప్పులు, ఎండాకాలం దుమ్ము... అన్నీ దాని నెత్తినే! ఇక రేస్ చేస్తే ప్రకాశించి, వదిలితే మసకేసేవైతే బ్యాటరీ, డైనమో సంగతి చూడాలి. డైనమో బండ్లలో ఇంజను నెమ్మదించినప్పుడు కొంత మసకేయడం మామూలే.

అనుమానం తీర్చుకోవడానికి ఓ మందపాటి వైరు చాలు. లైటు వెలుగుతుండగా బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ ఎర్త్ టర్మినల్‌కు నేరుగా కలపండి. వెలుగు భగ్గుమంటే దొంగ దొరికినట్టే. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూస్తే సరి. మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది. లైటు వెలుగుతుండగానే దాని ఒక పిన్నును బ్యాటరీ ఎర్త్ టర్మినల్‌కు, రెండోదాన్ని బల్బు ఎర్త్ పిన్నుకు ఆనించండి. దాదాపు సున్నా చూపాలి. అర ఓల్టు చూపిందంటే పని ఉన్నట్టే. రెండో టర్మినల్‌కూ, బల్బుకు కరెంటు వచ్చే పిన్నుకూ మధ్య కూడా ఇలాగే చూడాలి. బాగుచేయడానికి కూర్చునేముందు మాత్రం బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. చేతి ఉంగరం, వాచీ కూడా.

ఇప్పుడు 100 వాట్ల బల్బు సంగతికొద్దాం. మామూలు హాలోజెన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లు. రెండింటికీ కలిపి 10 ఆంపియర్లు కావాలి. 100 వాట్లవి వేస్తే 16 ఆంపియర్లు దాటుతుంది. అదంతా మోయాల్సింది ఏళ్లనాటి స్విచ్చు, ఆ సన్నటి వైరే! రెంటచింతల ఎండలకు ఏటేటా ఎండి పెళుసెక్కిన వైరు తొడుగు ఆ వేడికి కరుగుతుంది. పైగా ఆనాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండేది కాదు. ఫ్యూజు పోయి దారి మధ్యలో చీకటైపోకూడదని అలా చేసేవారు. ఆ వంశంలోంచి వచ్చిన మన బండిలో ఫ్యూజు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే డ్యాష్‌బోర్డు వెనక పొగ వచ్చేదాకా తెలియదు.

సరైన మందు రిలే. చేతిలో ఇమిడే డబ్బా. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా మందపాటి వైరు దాని 30 నంబరు పిన్నుకు, 87 నుంచి లైట్లకు. పాత స్విచ్చు వైరు 86కు, 85 ఎర్త్‌కు. డిప్‌కొకటి, హైబీమ్‌కొకటి. ఒక్కోదానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతాయి. ఇక స్విచ్చు పని రిలేకు సైగ చేయడమే, బరువంతా రిలేదే. ఉన్న 60 వాట్ల బల్బులే అప్పుడు పూర్తి సత్తా చూపిస్తాయి. ఒక్క జాగ్రత్త... బాగా పాత బ్రిటిష్ బండ్లలో ప్లస్సే ఎర్త్‌గా ఉండేది. మీదేదో చూసుకున్నాకే పని మొదలుపెట్టించండి.

వైర్ల రంగులు తెలిస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. ఈ బ్రిటిష్ పద్ధతిలో గోధుమరంగు ఎప్పుడూ కరెంటుండేది, నీలం స్విచ్చు నుంచి డిప్పర్‌కు, నీలంపై తెల్ల గీత హైబీమ్, నీలంపై ఎర్ర గీత డిప్, నలుపు ఎర్త్. నలుగురి చేతులు మారిన బండిలో వీటిని మరీ నమ్మకండి. దొరికిన రంగు వైరుతో అతుకులేసిన మహానుభావులు ఉంటారు! ధాన్యం బస్తాల పక్కనే షెడ్డులో నెలల తరబడి నిలిపిన బండైతే ఎలుకల సంగతి చెప్పనే అక్కర్లేదు. బానెట్ తీసి వైర్లన్నీ ఒకసారి చేత్తో తడిమి చూడాల్సిందే.

పాత అద్దాల వెనక ఎల్‌ఈడీ బల్బులు బిగించడమూ ఈమధ్య ఎక్కువైంది. ఆ రిఫ్లెక్టర్ ఫిలమెంటు బల్బు కోసం చేసింది. అందులో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురై, రోడ్డు మీదకన్నా ఎదుటివాళ్ల కళ్లలోకే ఎక్కువ కొడుతుంది.

అన్నీ అయ్యాక చదునైన చోట, గోడకు పాతిక అడుగుల దూరంలో బండి నిలిపి, డిప్ వేసి చూడండి. వెలుగు లైట్ల ఎత్తుకన్నా కాస్త దిగువన పడేలా హెడ్‌లైటు అంచునున్న స్క్రూలు సరిచేయించండి. ఇన్నాళ్లూ ఎటు చూపినా ఎవరికీ ఇబ్బంది లేదు కానీ, ఇకనుంచి అవి నిజంగానే వెలుగుతాయి మరి!