ఈసీలో కనిపించని ఇరవై గజాలు

కార్వాన్‌లో వకీలంటే నాంపల్లి కోర్టులో నల్లకోటే గుర్తొస్తుంది. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో నేను కోటు వేసుకున్నది తక్కువ, గల్లీల్లో చెప్పులరగదీసింది ఎక్కువ. బిల్డర్లకు లీగల్ ఒపీనియన్ ఇవ్వడం నా పని. ఈ జాగా కొనొచ్చా, కట్టొచ్చా, ఇందులో డబ్బు పెట్టొచ్చా?

1671లో మూసాఖాన్ కట్టించిన తోలి మసీదుకు దగ్గర్లోని ఓ గల్లీ నుంచి ఒకసారి ఫైలొచ్చింది. 140 గజాల పాత ఇల్లు. తల్లీతండ్రీ లేరు. ముగ్గురు అన్నదమ్ములు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారు.

“ముప్పై ఏళ్ల ఈసీ తీసిన వకీల్ సాబ్, క్లీన్ ఉంది. రేపు బయానా ఇచ్చేద్దాం” అన్నాడు బిల్డర్.

ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన దస్తావేజులే కనిపిస్తాయి. ఎవరు పోయారో, వారసులెవరో కనిపించదు. ఈ ఫైల్లో తండ్రి ఇల్లంతా కొడుకులకు ‘హిబా’ చేసినట్టు తెల్లకాగితం ఉంది. ముస్లింల హిబా, అంటే దానం, నోటిమాటతోనూ చెల్లుతుంది. కాగితం మీద రాసుకున్నా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇచ్చానని చెప్పడం, పుచ్చుకున్నవాళ్లు ఒప్పుకోవడం, ఆస్తి వాళ్ల స్వాధీనం కావడం, ఈ మూడూ జరగాలి.

గడప తొక్కకుండా ఒపీనియన్ మీద సంతకం పెట్టొద్దని మా సీనియర్ మాట. వెళ్లాను. మేడమీద గదిలో వేరే పొయ్యి. వాళ్ల అక్క ఉంటోంది. ఫైల్లో ఆమె పేరే లేదు.

“కింది షట్టర్ కిరాయి అబ్బా పోయేదాకా అబ్బానే తీసుకున్నడు భాయ్” అంది.

అంటే మూడో షరతు మీదే అనుమానం. హిబా నిలవకపోతే కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. ఏడింట ఒక వంతు ఆమెది. లెక్కకు ఇరవై గజాలు. పునాది తీశాక ఆమె పార్టిషన్ దావా వేసి స్టే తెచ్చుకుంటే, ఫ్లాట్లకు డబ్బు కట్టినవాళ్ల గతేమిటి?

పెద్ద ప్రాజెక్టుల్లో కొనేవాళ్లకు 2016 నాటి రెరా చట్టం కాపలా. వాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ కట్టుబడికీ మాత్రమే వాడాలి. అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని జాగాలకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మా గల్లీల్లో అంత జాగా ఎవరికుంది? ఇక్కడ కొనేవాళ్లు ఎవరి జాగ్రత్త వాళ్లే చూసుకోవాలి.

బిల్డర్ రెండు నెలలు విసుక్కున్నాడు. చివరికి అక్కను కూడా పార్టీగా చేర్చి, ఆమె వాటా రాసి, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించాం.

ఇప్పుడతను కొత్త ఫైలు తెస్తే, ఈసీ మీద ఒక చీటీ పిన్ను చేసి ఉంటుంది. ఆ ఇంటి ఆడపిల్లలెంతమంది, ఎవరిని ఏ ఊరికి ఇచ్చారు, అన్నీ అందులో రాసుంటాయి.